మోటారు ఎవరు వేశారు?



సినిమా పాఠాలు చెప్పే మాలాంటి వాళ్ళకి ఏటా ఒక అనుభవం తప్పదు. చదువు చివర్లో పిల్లలు బృందాలుగా ఏర్పడి ఒక పొట్టి సినిమా తీయాలి. కథలు తెమ్మంటాం. వచ్చిన కథల్లో ఎక్కువ భాగం థ్రిల్లర్లే. "ఎందుకురా అందరూ దీని మీదే పడ్డారు?" అని అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఖర్చుండదు సార్. ఒక గది, ఒక కత్తి, ఒక ఫోన్ కాల్ చాలు."

వాళ్ళని తప్పుపట్టలేం. మనకి ఈ రుచి కొత్తది కాదు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ని అద్దెకి తెచ్చుకుని, అన్నం దగ్గర కూడా పుస్తకం కింద పెట్టకుండా చదివిన తరం ఇంకా మన మధ్యే ఉంది. వాళ్ళ తర్వాతి వాళ్ళు రామ్‌గోపాల్ వర్మ 'క్షణక్షణం', చంద్రశేఖర్ యేలేటి 'ఐతే', 'అనుకోకుండా ఒక రోజు' చూశారు. ఇప్పటి పిల్లల చేతిలో ఫోన్ ఉంది, ఫోన్లో కెమెరా ఉంది, అదే ఫోన్లో ప్రపంచంలోని థ్రిల్లర్లన్నీ ఉన్నాయి. తీయాలని ఎందుకనిపించదు?

ఈమధ్య మా విద్యార్థుల బృందం ఒకటి ఎనిమిది నిమిషాల థ్రిల్లర్ తీసింది. దానికి బహుమతులేమీ రాలేదు. కానీ కథ దగ్గర మొదలుపెట్టి చివరి కట్ దాకా దాని చుట్టూ జరిగిన వాదనలున్నాయే, అవి మాత్రం పాఠ్యపుస్తకం చెప్పలేని సంగతులు చెప్పాయి. అన్నిటినీ కలిపి ఒక్క ముక్కలో చెప్పాలంటే, థ్రిల్లర్‌కి పెట్టుబడి చీకటి కాదు, కత్తి కాదు, నెత్తురు అంతకన్నా కాదు. ఎవరికి ఏం తెలుసు, అది ఎప్పుడు తెలిసింది, ఇంకా తెలియనిది ఎవరికి? అసలు పెట్టుబడి ఇదే. ఇందులో పైసా ఖర్చు లేదు. కష్టం మాత్రం చాలా ఉంది.

ముందు కథ చెబుతాను. సంక్రాంతి సెలవులు. హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ పక్కన ఒక కాలనీ. పైన ఇంటివాళ్ళు, కింద పోర్షన్లో అద్దెకి ఇద్దరమ్మాయిలు. ఇంటివాళ్ళు పండక్కి ఊరెళ్ళారు. ఇద్దరిలో ఒకమ్మాయి కూడా వెళ్ళింది. రెండో అమ్మాయికి మర్నాడు ఉద్యోగం ఇంటర్వ్యూ ఉంది కాబట్టి ఆగిపోయింది. రాత్రి పదిన్నర. పుస్తకం ముందు కూర్చుంది. మెట్ల కింద నీళ్ళ మోటారు ఆన్ అయింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. మరి మోటారు ఎవరు వేశారు?

ఈ ఒక్క ప్రశ్న నచ్చి కథకి ఒప్పుకున్నాను. పాడుబడ్డ బంగళా లేదు, ముసుగు మనిషి లేడు. నగరంలో అద్దెకున్న ప్రతివాళ్ళకీ తెలిసిన చప్పుడు, రోజూ విని పట్టించుకోని చప్పుడు. అది వినబడకూడని వేళ వినబడింది, అంతే. భయం ఆ ఊరిదీ ఆ ఇంటిదీ అయినప్పుడు దానికి నమ్మకం దానంతటదే వస్తుంది.

అయితే ప్రశ్న బాగుంది గానీ జవాబు దగ్గర పిల్లలు తడబడ్డారు. మొదట రాసిన ముగింపులో ఆ అమ్మాయి ఎప్పుడో చనిపోయింది, మనం చూస్తున్నది దెయ్యాన్ని. అది కాదంటే, ఊరెళ్ళిందనుకున్న స్నేహితురాలే హంతకురాలు. అదీ కాదంటే, ఇదంతా కల. మూడింటికీ ఉన్న జబ్బు ఒకటే. ఏడున్నర నిమిషాలు ప్రేక్షకుడికి ఏమీ చెప్పకుండా నోరు కట్టేసుకుని, చివరి అరనిమిషంలో అంతా కుమ్మరించడం. దాన్నే వాళ్ళు ట్విస్ట్ అంటారు.

ఇక్కడ థ్రిల్లర్ల దర్శకుడు హిచ్‌కాక్‌ని పిలవక తప్పదు. 1962లో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా త్రుఫో ఆయన్ని కూర్చోబెట్టి రోజుల తరబడి మాట్లాడించాడు. ఆ సంభాషణ 1966లో పుస్తకంగా వచ్చింది. అందులో హిచ్‌కాక్ చెప్పిన ఉదాహరణ సినిమా విద్యార్థులందరికీ కంఠతా వస్తుంది. ఇద్దరు మనుషులు బల్ల దగ్గర కూర్చుని ఏదో మామూలు కబుర్లు చెప్పుకుంటున్నారు. బల్ల కింద బాంబుంది. ఆ సంగతి మనకి తెలియదు. హఠాత్తుగా పేలింది. ఉలిక్కిపడతాం, పదిహేను సెకన్లు. ఇప్పుడు అదే సన్నివేశంలో బాంబు పెట్టడం మనకి ముందే చూపించారనుకోండి. గోడ మీద గడియారం కూడా కనబడుతోంది. వాళ్ళు అవే చప్పటి కబుర్లు చెప్పుకుంటుంటే మనం కుర్చీలో నిలవలేం. లేవండయ్యా అని అరవాలనిపిస్తుంది. ఇది పదిహేను నిమిషాలు నడుస్తుంది. మొదటిది ఆశ్చర్యం, రెండోది ఉత్కంఠ.

ఈ ఉదాహరణ పిల్లలకి తెలుసు. పరీక్షలో రాశారు, మార్కులు కూడా వచ్చాయి. తమ కథకి వాడుకోవాలని మాత్రం తోచలేదు. చదివింది చేతిలోకి రావడానికి ఒక కథ అడ్డంపడాలి. అప్పుడు ప్రశ్న మార్చాం. మోటారు ఎవరు వేశారన్నది పక్కన పెట్టండి. వేసినవాడికి మోటారుతో ఏం పని?

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. సౌండ్ చూసుకునే అబ్బాయి చెప్పాడు: "పైన తాళం పగలగొట్టే చప్పుడు వినబడకుండా ఉండటానికి సార్."

కథ అక్కడ నిలబడింది. పండక్కి ఊళ్ళెళ్ళేవాళ్ళు ఇంటికి తాళం వేసి వెళ్ళేముందు పోలీస్ స్టేషన్లో చెప్పి వెళ్ళమని ప్రతి సంక్రాంతికీ పోలీసులు ప్రకటనలిస్తారు. తాళం వేసిన ఇళ్ళ మీద దొంగల కన్ను ఉంటుందని అందరికీ తెలుసు. మోటారు నడుస్తున్నంతసేపు పైన సుత్తి చప్పుడు మునిగిపోతుంది. దెయ్యం లేదు, కల లేదు. పని తెలిసిన దొంగ ఒకడున్నాడు.

ఇప్పుడు లెక్క చూడండి. మొదట్లో దొంగకి తెలిసింది, ఇల్లు ఖాళీ అని. అది తప్పు. అమ్మాయి అనుకునేది, ఇంటివాళ్ళలో ఎవరో తొందరగా వచ్చేసి ఉంటారని. అదీ తప్పే. ఇద్దరి పొరపాటూ తెలిసింది ప్రేక్షకుడికి ఒక్కడికే, ఎందుకంటే మోటారు స్విచ్ మీద పడ్డ చెయ్యిని మనం రెండో నిమిషంలోనే చూపించేశాం. అమ్మాయి బయటికొస్తుంది. ఎవరూ కనబడరు. నీళ్ళు వృథా అవుతాయని మోటారు ఆపుతుంది. చప్పుడు ఆగిన ఆ క్షణంలో పైనుంచి సుత్తి దెబ్బ ఒక్కటి వినబడి, అదీ ఆగిపోతుంది. ఆమె తల ఎత్తి చూస్తుంది. కింద మనిషి ఉందని ఇప్పుడు వాడికి తెలిసింది. వాడికి తెలిసిందని ఆమెకి తెలియదు. ఆమెకి తెలియదన్నది మనకి తెలుసు.

ఇంతకుమించి థ్రిల్లర్ ఏముంటుంది? ఒక్క స్విచ్ నొక్కితే ముగ్గురి తెలివిడీ ఒక్కసారి తారుమారైంది. దీనికి తుపాకీ అక్కర్లేదు.

తర్వాత ఫోన్ గొడవ వచ్చింది. మొదటి రాతలో "సిగ్నల్ లేదు" అని ఉంది. దిల్‌సుఖ్‌నగర్లో సిగ్నల్ లేదంటే చూసేవాడు నమ్ముతాడా? ఛార్జింగ్ అయిపోయిందంటే అది ఇంకా పాత సాకు. సరే, ఫోనుంది, పనిచేస్తోంది, పోలీసులకి కాల్ చేసింది, బయల్దేరాం అన్నారు. అలా రాసేసరికి ఉత్కంఠ తగ్గుతుందేమోనని పిల్లలు భయపడ్డారు. తగ్గలేదు, పెరిగింది. పోలీసులు రావాలంటే కొంచెం సమయం పడుతుంది. ఆ సమయమే గోడ మీది గడియారం. పాత్రల చేతులు కట్టేసి కథ నడపడం తేలిక. వాళ్ళకున్న తెలివంతా వాళ్ళని వాడుకోనిచ్చి, అయినా కథ నడిపితే అది నేర్పు.

ఇక తీయడం సంగతి. కెమెరా పట్టుకునేముందు వాళ్ళచేత ఒక చిన్న అభ్యాసం చేయించాను. ఇది నేను కనిపెట్టింది కాదు. ఇంగ్లండులో ఓసీఆర్ అనే పరీక్షా మండలి పెట్టిన మీడియా స్టడీస్ కోర్సులో సినిమా తీయడం ఎంచుకున్న పదహారు, పదిహేడేళ్ళ పిల్లలకి చాలాకాలం ఇది తప్పనిసరిగా ఉండేది. వాళ్ళు చేయాల్సిన అసలు పని, ఒక కొత్త సినిమాకి టైటిల్స్‌తో కలిపి రెండు నిమిషాలకి మించని ప్రారంభ సన్నివేశం తీయడం. అక్కడా చాలామంది థ్రిల్లరే ఎంచుకునేవారు. దానికి ముందు చేయాల్సిన అభ్యాసం ఇది: ఒక మనిషి తలుపు తీసుకుని లోపలికి రావాలి, గది దాటాలి, ఇంకో మనిషికి ఎదురుగా కుర్చీలో కూర్చోవాలి, ఇద్దరూ రెండు మాటలు మాట్లాడుకోవాలి. అంతే.

వినడానికి ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. చేస్తే తెలుస్తుంది. తలుపు గొళ్ళెం మీద చెయ్యి పడటం బయటి షాట్, తలుపు తెరుచుకోవడం లోపలి షాట్. రెండూ వేరువేరు వేళల్లో తీసినవైనా చెయ్యి కదలిక ఒకటే అయినట్టు అతకాలి. మాట్లాడేవాళ్ళని ఒకరి తర్వాత ఒకరిని చూపించినప్పుడు ఒకరు కుడికి చూస్తుంటే రెండోవాళ్ళు ఎడమకి చూస్తూండాలి. అందుకోసం ఇద్దరి మధ్య ఒక ఊహాగీత గీసుకుని కెమెరా ఎప్పుడూ దానికి ఒకే వైపు ఉంచాలి. దీన్నే నూటఎనభై డిగ్రీల నియమం అంటారు.

థ్రిల్లర్‌కి ఇది ఎందుకంత ముఖ్యమంటే, భయానికి చిరునామా కావాలి. మెట్లు ఎటున్నాయి, మోటారు స్విచ్ ఎటుంది, అమ్మాయి తలుపుకి అది ఎన్ని అడుగుల దూరం, గేటు ఏ పక్క? ఇవి చూసేవాడి మనసులో ముందే ముద్రపడి ఉండాలి. అప్పుడే స్విచ్ పడిన చప్పుడు వినగానే, "అయ్యో, వాడు తలుపు పక్కనే ఉన్నాడు" అని చూసేవాడికి తడుతుంది. కెమెరా గీత దాటి అటూ ఇటూ దూకితే దొంగ ఎటునుంచి వస్తున్నాడో అర్థం కాదు. అర్థం కానప్పుడు మనిషి భయపడడు, ఫోన్ చూసుకుంటాడు. అందుకే మా పిల్లలు సినిమా మొదట్లో, ఇంకా పగలుండగానే, ఊరెళ్ళే స్నేహితురాలు బ్యాగు పట్టుకుని తలుపు నుంచి మెట్ల పక్కగా గేటు దాకా నడిచే షాట్ ఒకటి తీశారు. ఇల్లంతా ఆ ఒక్క నడకలో తెలిసిపోయింది. వీడ్కోలు చెబుతున్నారనుకుని చూస్తాం. నిజానికి మనకి ఇంటి పటం అందించారు.

రాత్రి తీయడం దగ్గరికి వస్తే, చీకటిని చూపించాలంటే వెలుతురు కావాలి. ఇది చాలామందికి తెలియదు. ఫోన్ కెమెరా నిజమైన చీకట్లో తీస్తే తెర మీద నలుపు రాదు, ఇసక రాలినట్టు రంగు చుక్కలొస్తాయి. మెట్ల దగ్గర ఒక బల్బు, వీధి దీపం తీరున ఎత్తునుంచి ఒక లైటు పెట్టి, మిగతాది నలుపుకి వదిలెయ్యాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. అంటే చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు సెకనుకి 100 సార్లు మినుకుమంటుంది. కంటికి అది తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. చాలా ఫోన్లు మామూలుగా సెకనుకి 30 ఫ్రేములు తీస్తాయి. ఆ లెక్క 60 హెర్ట్జ్ కరెంటున్న దేశాలకి సరిపడేది. షట్టర్‌ని ఫోన్ ఇష్టానికి వదిలేస్తే బొమ్మ మీద చారలు పాకుతాయి. షట్టర్‌ని సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో కట్టేస్తే చారలు పోతాయి. సెకనుకి 25 ఫ్రేములు పెట్టుకుంటే లెక్క ఇంకా కుదురుతుంది.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చదివిన క్రిస్టఫర్ నోలన్, ఆ కాలేజీ ఫిల్మ్ సొసైటీ పరికరాలతో సినిమా నేర్చుకున్నాడు. ఆయన 'డూడుల్‌బగ్' మూడు నిమిషాల నలుపు తెలుపు సినిమా. ఒక గది, ఒక మనిషి, చేతిలో ఒక బూటు, నేల మీద పరిగెత్తే ఏదో ఒక పురుగు. అంతే సరంజామా. తర్వాత 1998లో వచ్చిన మొదటి పెద్ద సినిమా 'ఫాలోయింగ్' దాదాపు 6,000 డాలర్లలో అయింది. నటులకీ సిబ్బందికీ వారమంతా ఉద్యోగాలు. అందుకని శనివారాలు తీస్తూ ఏడాది పాటు లాగారు. 16 ఎంఎం ఫిల్ము ఖరీదు కాబట్టి ప్రతి సన్నివేశాన్నీ నాటకంలా ముందే బాగా రిహార్సల్ చేసుకుని, ఒకటి రెండు టేకుల్లో ముగించేవారు. లైట్లకి డబ్బు లేక కిటికీ వెలుతురుతోనే చాలావరకు గడిపారు. నలుపు తెలుపు ఎంచుకోవడంలోనూ సగం కారణం అదే.

మా పిల్లలకి ఆ బాధ లేదు. మెమరీ కార్డు నిండితే ఖాళీ చేస్తారు, మళ్ళీ తీస్తారు. అందువల్ల రిహార్సల్ అనేది పోయింది. ఒకే షాట్ మళ్ళీ మళ్ళీ తీసి, చివరికి ఏది మంచిదో తేల్చుకోలేక ఎడిటింగ్ దగ్గర తలలు పట్టుకుంటారు. అయితే ఈ కథలో ఒక షాట్ వాళ్ళకి బుద్ధి నేర్పింది. అది చివర్లో ట్యాంకు పొంగే షాట్. ట్యాంకు ఒకసారి పొంగి, నీళ్ళు సన్‌షేడ్ మీదనుంచి జారి పడితే నేలంతా తడుస్తుంది. ఆరిన నేల మళ్ళీ ఆ రాత్రికి దొరకదు. పైగా పిల్లల సినిమా కోసం ఏ ఇంటాయనా రెండోసారి నీళ్ళు పారబోయనివ్వడు. అందుకని ఆ ఒక్క షాట్‌ని పగలంతా నీళ్ళు లేకుండా సాధన చేశారు. రాత్రి ఒక్క టేకులో అయింది. సినిమాలో అన్నిటికంటే బాగా వచ్చిన షాట్ అదే.

తీసేముందు చుట్టుపక్కల ఇళ్ళకి వెళ్ళి చెప్పి రావడం, స్టేషన్లో తెలియజేయడం కూడా పనిలో భాగమే. చేతిలో ఇనుప రాడ్డుతో ఒక కుర్రాడు రాత్రి పూట గోడ పక్కన నక్కితే అది సినిమా అని వీధికి ఎలా తెలుస్తుంది? అదృష్టవశాత్తూ పిల్లలు నేను చెప్పకముందే ఆ పని చేసి వచ్చారు. ఎదురింటి ఆవిడ టీ కూడా ఇచ్చింది. తర్వాత కథలోకి కూడా వచ్చింది. ఆ సంగతి చెబుతాను.

నటన గురించి రెండు మాటలు. మొదటి రోజు ఆ అమ్మాయి పాత్ర వేసిన విద్యార్థిని మోటారు చప్పుడు వినగానే కళ్ళు పెద్దవి చేసి, గుండె మీద చెయ్యి వేసుకుని, ఊపిరి ఎగబీల్చింది. సినిమాల్లో చూసిచూసి నేర్చుకున్నదే. దర్శకత్వం చేసే అబ్బాయి తెలివిగా ఆమెకి పని చెప్పాడు: "నువ్వు భయపడకు. ట్యాంకు నిండటానికి ఎంతసేపు పడుతుందో మనసులో లెక్కపెట్టుకో." ఆమె అలాగే లెక్కపెట్టింది. ఆ ముఖంలో భయం లేదు, ఏదో ఆలోచన మాత్రం ఉంది. దాని పక్కన చీకట్లో మెట్ల షాట్ అతికించి చూస్తే, ఆ ఆలోచనే భయమై కూర్చుంది. వందేళ్ళ కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ చేసిన ప్రయోగం ఇదే. ఏ భావమూ లేని ఒక నటుడి ముఖాన్ని పులుసు గిన్నె పక్కన ఒకసారి, శవపేటిక పక్కన ఒకసారి చూపిస్తే జనం ఒకచోట ఆకలినీ ఒకచోట దుఃఖాన్నీ చూసుకున్నారట. భావం ముఖంలో సగమే ఉంటుంది. మిగతా సగం మనం తెచ్చుకుంటాం.

ఇక శబ్దం. రేడియోలో మాట్లాడుతూ శబ్దం గురించి చెప్పకపోతే ఎలా? ఆకాశవాణి నాటకాలు విన్నవాళ్ళకి వేరే చెప్పాలా, తలుపు కిర్రుమనడంలో ఎంత కథ ఉంటుందో! బొమ్మ లేకుండా చప్పుడు భయపెట్టగలదు. చప్పుడు లేకుండా బొమ్మ భయపెట్టడం కష్టం. 1960లో హిచ్‌కాక్ 'సైకో' తీసినప్పుడు స్నానాల గది హత్యకి సంగీతమే వద్దనుకున్నాడు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ తీగవాద్యాలతో మాత్రమే ఒక బాణీ కట్టి వినిపించాడు. హిచ్‌కాక్ మనసు మార్చుకున్నాడు. ఆ కత్తి దెబ్బల చప్పుడు మాత్రం ఒక రకం కర్బూజా పండుని పొడిచి రికార్డు చేసిందే. మన దగ్గర 'శివ' 1989లో వచ్చినప్పుడు జనం బొమ్మతో పాటు చప్పుడు గురించి కూడా మాట్లాడుకున్నారు.

విద్యార్థుల సినిమాల్లో సంగీతం ఎక్కువైపోతుంది. ఇంటర్నెట్‌లో దొరికిన భయపెట్టే సంగీతం మొదటి షాట్ నుంచి పరిచేస్తారు. అది ప్రేక్షకుడికి "ఇప్పుడు భయపడు" అని ఆర్డరేస్తుంది. ఆర్డరేస్తే ఎవరూ భయపడరు. మా వాళ్ళకి ఒక షరతు పెట్టాను. సంగీతం ఉండకూడదు, మోటారే సంగీతం. దాంతో మోటారు చప్పుడుని మెట్ల కింద పక్కనే నిలబడి ఒకసారి, గది లోపల తలుపు వేసుకుని ఒకసారి, డాబా మీదనుంచి ఒకసారి రికార్డు చేశారు. ప్రతి చోటా ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఊరికే ఉండి అక్కడి నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేశారు. నిశ్శబ్దం అన్ని గదుల్లో ఒకటి కాదు. ఒకచోట ఫ్యాను, ఒకచోట దూరంగా రోడ్డు, ఒకచోట ఫ్రిజ్. ఆ నిశ్శబ్దాలు పరచకపోతే కట్ కట్‌కీ చెవిలో గుంత పడుతుంది.

అప్పుడు ఒక విచిత్రం జరిగింది. మోటారు నడుస్తున్నంతసేపు, ముందుగా మనకి విసుగ్గా ఉంటుంది. కొంచెంసేపటికి అలవాటవుతుంది. ఆగినప్పుడు గుండె జారుతుంది. ఎందుకంటే అది నడిస్తే వాడు పైన ఉన్నట్టు, ఆగితే వాడికి మన సంగతి తెలిసినట్టు. నిశ్శబ్దం భయంకరం అని చాలామంది చెబుతారు. ఏ నిశ్శబ్దమైనా కాదు, ఏదో ఒక చప్పుడు ఆగిపోగా మిగిలిన నిశ్శబ్దం.

ముగింపు దగ్గర మళ్ళీ వాదన. కథలోకి దొంగ వచ్చాక రాసిన మొదటి ముగింపులో వాడు తలుపు విరగ్గొడతాడు, అమ్మాయి పరిగెడుతుంది, పడుతుంది, అరుస్తుంది. ఎడిటింగ్ చేసే అమ్మాయి విసుక్కుంది: "ప్రతి సినిమాలోనూ మేమే ఎందుకు పరిగెత్తాలి? ఆలోచించకూడదా?" చాలా న్యాయమైన మాట. భయపడే మనిషంటే ఆడపిల్ల, భయపెట్టే మనిషంటే మగవాడు అన్న లెక్క మన థ్రిల్లర్లలో ఎంత పాతుకుపోయిందంటే, దాన్ని లెక్క అని కూడా గుర్తించం.

ఆ మాట నుంచే ముగింపు పుట్టింది. మోటారు రెండోసారి ఆన్ అవుతుంది. ఈసారి అమ్మాయి తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసి, ఆగి, చెయ్యి తీసేస్తుంది. ఆపదు. ట్యాంకు నిండటానికి లెక్కపెడుతుంది. మోటారు నడుస్తూనే ఉంది, పైన వాడు ధీమాగా పని చేసుకుంటూనే ఉన్నాడు. ట్యాంకు పొంగింది. నీళ్ళు ధారగా సన్‌షేడ్ మీదనుంచి వీధిలో పడ్డాయి. నగరంలో దొంగ వస్తే ఎవరూ లేవకపోవచ్చు. పక్కింటి ట్యాంకు పొంగితే మాత్రం ఎవరో ఒకరు లేస్తారు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. "ఎవరమ్మా అక్కడ? మోటారు కట్టెయ్యండి! నీళ్ళన్నీ పోతున్నాయి!" ఒక లైటు, ఇంకో లైటు, ఇంకో గేటు చప్పుడు. ఎదురింటి ఆవిడగా వేసింది, ఆ టీ ఇచ్చిన ఆవిడే. డైలాగ్ రాసివ్వలేదు, ఆవిడ రోజూ అనేదే అంది.

దొంగ దొరికాడా, పారిపోయాడా? సినిమా చెప్పదు. పిల్లల్లో కొందరికి అది అసంతృప్తి. వాళ్ళకి ఒక ఫ్రెంచి పొట్టి సినిమా గుర్తుచేశాను. ఒలివియే త్రెనే 2010లో తీసిన 'లాకార్దర్'. పద్నాలుగు నిమిషాల లోపే. గుడ్డివాడిగా నటించే ఒక పియానో సరిచేసే కుర్రాడు, చూడకూడనిది చూస్తాడు. అతనికి కళ్ళున్నాయని మనకి మొదటినుంచీ తెలుసు, అదే అందులోని ఉత్కంఠ. చివరికి అతనేమయ్యాడో చెప్పకుండానే సినిమా ఆగిపోతుంది. శ్రీరామ్ రాఘవన్ ఆ పొట్టి సినిమా చూసి దాని బీజంతో 2018లో హిందీలో 'అంధాధున్' తీశాడు. అదే 2021లో నితిన్‌తో తెలుగులో 'మాస్ట్రో' అయింది. చెప్పకుండా వదిలేసిన చివరి క్షణంలోంచి ఇంత సంసారం పుట్టింది. పొట్టి సినిమా అన్ని ప్రశ్నలకీ జవాబివ్వక్కర్లేదు. తాను వేసిన ప్రశ్నకి ఇస్తే చాలు. మా సినిమా వేసిన ప్రశ్న దొంగ గురించి కాదు, ఈ అమ్మాయి ఏం చేస్తుందన్నది. దానికి జవాబు వచ్చేసింది.

అన్నట్టు, ఆ ఇంగ్లండు కోర్సులో సినిమా అయ్యాక పిల్లలు కొన్ని ప్రశ్నలకి జవాబివ్వాల్సి వచ్చేది. మీ సినిమా ఏ వర్గం మనుషుల్ని ఎలా చూపించింది, దీన్ని ఎవరు చూస్తారు, ఏ పరికరాల గురించి ఏం నేర్చుకున్నారు, ఇలా. చివరిది నాకు చాలా ఇష్టం. మొదట చేసిన ఆ తలుపు, కుర్చీ అభ్యాసం నుంచి ఇక్కడిదాకా వచ్చేసరికి ఏం నేర్చుకున్నారు? మా వాళ్ళనీ అదే అడిగాను. లెన్సులు, లైట్లు, సాఫ్ట్‌వేర్ పేర్లు చాలామంది రాశారు. దర్శకత్వం చేసిన అబ్బాయి రాసింది వేరు. ఇంతకుముందు ప్రేక్షకుడిని మోసం చేయడం తన పని అనుకునేవాడట. ఇప్పుడు ప్రేక్షకుడిని తన పక్షాన కలుపుకోవడం తన పని అనుకుంటున్నాడట.

ఆ తేడా చిన్నది కాదు. ట్విస్ట్ కోసం దాచిపెట్టే దర్శకుడు చూసేవాడిని ఎదుటి పక్షంలో కూర్చోబెడతాడు. సస్పెన్స్ తీసే దర్శకుడు అతన్ని నమ్మి ఒక రహస్యం చెబుతాడు. చెప్పి, దాన్ని మోయమంటాడు. సినిమాలో ఉన్న అమ్మాయికి తెలియని సంగతి మనకి తెలిసినప్పుడు, ఆ అమ్మాయి క్షేమం కొంచెం మన బాధ్యత అవుతుంది. మనం ఊపిరి బిగబట్టేది అందుకే. భయపెట్టడానికి తీసే సినిమా, మనకి తెలియని మనిషి గురించి మనల్ని ఆందోళన పడేలా చేస్తుందంటే అది తక్కువ సంగతి కాదు.

వింటున్నవాళ్ళలో కెమెరా పట్టాలనుకునే పిల్లలుంటే ఒక్క మాట. కత్తి కొనకముందు, చీకటి గది వెతకకముందు, ఒక తెల్ల కాగితం తీసుకుని మూడు గళ్ళు గీయండి. మొదటి దాంట్లో పాత్రకి తెలిసింది, రెండో దాంట్లో ఎదుటివాడికి తెలిసింది, మూడో దాంట్లో చూసేవాడికి తెలిసింది. సన్నివేశం సన్నివేశానికీ ఏ గడిలో ఏం మారిందో రాసుకుంటూ పోండి. ఏ గడీ మారని సన్నివేశం కనబడితే, అది ఎంత అందంగా తీయగలిగినా సరే, తీయకండి. మూడు గళ్ళలో మూడు వేరు సంగతులున్న చోట కెమెరా పెట్టండి. మీ థ్రిల్లర్ అక్కడే ఉంది.